గంజాయి వేప్ పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు: ఏం చూడాలి, ఏం అడగాలి, ఎప్పుడు పరిగెత్తాలి

మా అక్క కొడుకు డల్లాస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ చేశాడు. "పిన్నీ, నాలుగు రోజుల్నుంచి జ్వరం, వాంతులు. అర్జెంట్ కేర్‌కి వెళ్తే న్యుమోనియా అన్నారు, యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గట్లేదు" అన్నాడు. నాకు మాత్రం జ్వరం కంటే వాడు మాట మధ్యలో ఆగి గాలి తీసుకోవడం నచ్చలేదు. "పదమూడో ఎక్కం ఒక్క గుక్కలో చెప్పరా" అన్నాను. పదమూడు అయిదుల దగ్గర ఆగిపోయాడు. లెక్క మర్చిపోయి కాదు.

ఎక్కం చెప్పించడం వైద్య పరీక్షేమీ కాదు. ఫోన్లో ఉన్నవాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టలేను కాబట్టి నాకు నేను పెట్టుకున్న కొండగుర్తు.

"ఏం పీలుస్తున్నావు?" అని అడిగాను.

"నాకు సిగరెట్టు అలవాటు లేదు పిన్నీ."

"సిగరెట్టు సంగతి నేను అడగలేదు."

కాసేపు స్క్రీన్ మీద సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే కనపడింది. తర్వాత చెప్పాడు. రూమ్మేట్ దగ్గరి కార్ట్ (గంజాయి నూనెని వేడిచేసి ఆ ఆవిరి పీల్చే వేప్ గొట్టం), మూడు వారాలుగా, రాత్రుళ్లు నిద్ర పట్టడానికట. అర్జెంట్ కేర్‌లో "స్మోక్ చేస్తావా" అని అడిగితే "నో" అన్నాడు. అబద్ధం ఆడలేదు. వాడి లెక్కలో అది పొగ కాదు మరి. ఆ ఒక్క "నో" నాలుగు రోజులు తినేసింది.

నేను రెస్పిరేటరీ థెరపిస్టుని. మన వైపు ఈ ఉద్యోగం పేరు ఎవరికీ తెలీదు. మా అమ్మ తెనాలిలో అందరికీ "మా అమ్మాయి ఊపిరి డాక్టరు" అని చెప్పేసింది. డాక్టర్ని కాను. వెంటిలేటరు పెట్టేది, దాని మీటలు తిప్పేది, మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి ఆక్సిజన్ ఎంతుందో చూసేది మేము. ఇల్లినాయ్‌లో, విస్కాన్సిన్ హద్దుకి దగ్గర్లో పదహారేళ్లుగా అదే పని. అందుకే 2019 నాకు పేపర్లో చదివిన సంగతి కాదు.

ఆ జులైలో విస్కాన్సిన్‌లో, మిల్వాకీలోని పిల్లల ఆస్పత్రి డాక్టర్లు రాష్ట్ర ఆరోగ్య శాఖకి కబురు పెట్టారు: నిన్నటిదాకా ఆడుకుంటున్న పిల్లలు ఊపిరాడక వస్తున్నారు, ఏ క్రిమీ దొరకట్లేదు అని. ఆగస్టులో మా ఇల్లినాయ్‌లోనే మొదటి మరణం. ఈ రెండు రాష్ట్రాల్లో ముందుగా లెక్క తేలిన 53 మందిలో నడిమి వయసు 19. ముగ్గురిలో ఒకరికి గొంతులో గొట్టం వేయాల్సి వచ్చింది. జబ్బుకి ఈవాలి అని పేరు పెట్టారు, అంటే వేప్ వల్ల ఊపిరితిత్తులకి అయ్యే గాయం. 2020 ఫిబ్రవరికల్లా అమెరికా మొత్తం మీద 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. వాళ్లలో వివరం తెలిసినవాళ్లని చూస్తే 82 శాతం మంది టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తునిచ్చే పదార్థం ఉన్న వేప్ వాడినవాళ్లే. తర్వాత కేసులు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, మా వాడే సాక్ష్యం.

ముందు వస్తువుని గుర్తుపట్టండి

మన తల్లిదండ్రులు బట్టల్లో పొగ వాసన వెతుకుతారు. ఇక్కడ ఆ వాసన ఉండదు. పెన్నులాంటి బ్యాటరీ, దాని మీద బిగించే బొటనవేలంత గాజు గొట్టం, అందులో తేనె రంగు నూనె. ఆ గొట్టమే కార్ట్. పారేసే రకం అయితే హైలైటర్ పెన్నులాగానో పెన్ డ్రైవ్‌లాగానో ఉంటుంది. గదిలో ఒక నిమిషం నిమ్మతొక్క వాసనో, పైన్ చెట్టు వాసనో, బబుల్ గమ్ వాసనో వచ్చి పోతుంది. ఎండు ఆకునే వేడి చేసే పరికరాలు వేరే ఉన్నాయి, వాటిలో ఈ నూనె ఉండదు. గట్టి మైనం లాంటి సారాన్ని ఎర్రగా కాలిన పలక మీద పెట్టి పీల్చేదాన్ని డాబింగ్ అంటారు. నేను ఇక్కడ చెప్పేది ఎక్కువగా కార్ట్ గురించే, ఎందుకంటే మా వార్డుకి వచ్చినవాళ్ల జేబుల్లో దొరికింది అదే.

నికోటిన్ వేప్‌కీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. నికోటిన్ గ్లిజరిన్‌లో, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో హాయిగా కలిసిపోతుంది. టీహెచ్‌సీ నీళ్ల జాతి పదార్థాల్లో సరిగ్గా కలవదు, అది కొవ్వు జాతి. శుద్ధి చేసిన టీహెచ్‌సీ చలికాలం ఫ్రిజ్‌లో పెట్టిన తేనెలా ఉంటుంది. అంత చిక్కటిది చిన్న కాయిల్ (నూనెని వేడిచేసే తీగచుట్ట) దగ్గరకి పారదు. కాబట్టి ఏదో ఒకటి కలిపి పల్చన చెయ్యాలి. కథంతా ఆ "ఏదో ఒకటి" దగ్గరే మొదలవుతుంది.

మామూలుగా మొక్కల నుంచి తీసిన టెర్పీన్లు, అంటే ఆ నిమ్మ, పైన్ వాసనల నూనెలు కలుపుతారు. అవి ఖరీదు. దొంగ మార్కెట్‌వాళ్లకి ఇంకో బాధ కూడా ఉంది, ఎక్కువ కలిపితే పల్చబడి దొరికిపోతారు. కొనేవాళ్లు కార్ట్‌ని తలకిందులు చేసి లోపలి గాలి బుడగ ఎంత మెల్లగా కదులుతుందో చూసేవాళ్లు. మెల్లగా కదిలితే సరుకు స్వచ్ఛం అని నమ్మకం. మనం తేనెలో వత్తి ముంచి వెలిగించి అసలా నకిలీనా అని తేల్చుకున్నట్టు. పాకం కాచేవాడికి ఆ పరీక్ష సంగతి తెలియదా? విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె దొరికింది వాళ్లకి. చవక, వాసన లేదు, రంగు కలిసిపోతుంది, చిక్కదనం దాదాపు టీహెచ్‌సీదే. సగం దాకా కలిపినా బుడగ మెల్లగానే కదులుతుంది.

2019 సెప్టెంబరులో విస్కాన్సిన్‌లోని కెనోషా కౌంటీలో, మాకు గంట దూరం లేదు, పోలీసులు ఒక అపార్ట్‌మెంటులో 31 వేలకు పైగా నింపిన కార్ట్‌లు పట్టుకున్నారు. కూలికి మనుషుల్ని పెట్టి సిరంజిలతో నింపించారు. రంగురంగుల ఖాళీ డబ్బాలు విడిగా ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ రోజుల్లో రోగులు ఎక్కువగా చెప్పిన డాంక్ వేప్స్ అనే పేరు వెనక అసలు ఒక కంపెనీ అంటూ లేదు, డబ్బా మీద ముద్ర అంతే. కాబట్టి మీ అబ్బాయి "ఇది మంచి బ్రాండు అమ్మా" అంటే అది డబ్బా గురించి చెప్పిన మాట. లోపల ఉన్నదాని గురించి కాదు.

పోపు మాడినప్పటి వాసన

వంటింట్లో నూనె ఎక్కువ కాగి పొగ వచ్చినప్పుడు కళ్లు మండి, గొంతు పట్టేసి, ఇల్లంతా దగ్గుతుంది కదా. అందులో ప్రధానమైన ఘాటు అక్రోలిన్ అనే పదార్థానిది. నూనెలోని గ్లిజరిన్ భాగం వేడికి విరిగితే పుడుతుంది. వేప్‌లో గ్లిజరిన్ ఉంటే కాయిల్ దగ్గర జరిగేదీ అదే. తేడా ఏమిటంటే వంటింట్లో మనం కిటికీ తీసి పారిపోతాం, ఇక్కడ నోరు పెట్టి లోపలికి లాగుతాం. ప్రొపిలీన్ గ్లైకాల్, పాలీఇథిలీన్ గ్లైకాల్ విరిగితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది. కాలేజీ జువాలజీ ల్యాబులో కప్పల్ని సీసాలో దాచే ఫార్మలిన్ అదే.

"మా దాంట్లో ఇవేవీ లేవు ఆంటీ, అంతా మొక్కలదే" అని ఒక అబ్బాయి బెడ్ మీద ఆక్సిజన్ పెట్టుకుని నాతో వాదించాడు. మొక్కలదే. అయినా 2017లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు ఆ టెర్పీన్లనే డాబింగ్ వేడికి గురిచేసి చూస్తే, అక్రోలిన్‌కి పినతల్లి బిడ్డ లాంటి మెథాక్రోలిన్ వచ్చింది. వేడి పెంచినకొద్దీ బెంజీన్ కూడా వచ్చింది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే రసాయనం. తులసి ఆకు తింటే మంచిదని తులసిని పొయ్యిలో వేసి ఆ పొగ పీల్చం కదా.

విటమిన్ ఈ ఎసిటేట్ విషయంలోనూ ఇదే తికమక. మొహానికి రాసే క్రీములో ఉంటుంది, మింగే గోళీలో ఉంటుంది, అక్కడ దానివల్ల హాని లేదు. ఊపిరితిత్తికి చేరినప్పుడే సమస్య. అమెరికాలో 16 రాష్ట్రాల నుంచి 51 మంది ఈవాలి రోగుల ఊపిరితిత్తులు కడిగిన నీళ్లని సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) ల్యాబు పరీక్షిస్తే 48 మందిలో అది దొరికింది. ఆరోగ్యంగా ఉన్న 99 మందిలో ఒక్కరిలోనూ లేదు. ఇక్కడ రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, బాగా వేడెక్కితే అది విరిగి కీటీన్ అనే వాయువు రాగలదని 2020లో తేల్చారు. తగిలిన కణజాలాన్ని వదలని వాయువు అది. రెండోది చెప్పాలంటే ముందు ఊపిరితిత్తి లోపల ఏముందో చెప్పాలి.

ఊపిరితిత్తి అంటే రెండు గాలి సంచులు అనుకుంటారు. రెండు కాదు, 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి తిత్తులు. అవన్నీ లోపల తడిగా ఉంటాయి. తడిసిన పాలిథిన్ కవరు నోరు ఎప్పుడైనా తెరిచారా? రెండు పొరలూ అతుక్కుపోయి రావు. మన గాలి తిత్తులు ప్రతి శ్వాసకీ అలా అతుక్కోకుండా లోపల ఒక పల్చటి పూత ఉంటుంది, సర్ఫాక్టెంట్ అంటాం. లెసితిన్ జాతి కొవ్వులతో చేసింది, కుంకుడు నురుగులా నీటి బిగువు తగ్గిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి అది తయారుకాకే ఊపిరాడదు, మేము గొట్టంలోంచి పోస్తాం. అలాంటి పూతలోకి పై నుంచి ఇంకో నూనె వెళ్లి కూర్చుంటే దాని బిగి చెడుతుందనేది రెండో అనుమానం. ఏది ఎంత భాగం చేస్తుందో పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. మేయో క్లినిక్ వాళ్లు 17 మంది ఊపిరితిత్తుల ముక్కలు చూసి, నూనె పేరుకోవడం కంటే విషవాయువు పీల్చినప్పుడు జరిగే కాలిన గాయంలాగా ఉందన్నారు. వెంటిలేటరు దగ్గర నిలబడ్డదానిగా నాకు తెలిసింది ఒకటే. ఆ ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ఉంటాయి. కొత్త బెలూన్‌ని మొదటిసారి ఊదుతున్నట్టు, యంత్రం ఎంత తోసినా గాలి వెళ్లదు.

ఇక కాయిల్ సంగతి. నికెల్, క్రోమియం కలిసిన తీగ, టంకం, ఇత్తడి భాగాలు, వాటి మీద నెలల తరబడి నూనె. ఆ లోహాలు కొద్దికొద్దిగా నూనెలోకి దిగుతాయి. సీసం కూడా. కెనడాలో ఒక్కసారి కూడా వెలిగించని కార్ట్‌లలోనే లోహపు రేణువులు కనపడ్డాయి. పంటకి కొట్టే మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని ఇంకో తలనొప్పి. ద్రాక్షతోటలకి కొడతారు, పండు తింటే పరిమితిలో ఫరవాలేదు. కాలిస్తే మాత్రం హైడ్రోజన్ సయనైడ్ ఇస్తుంది. ఆకులో కాస్త ఉన్నది, సారం తీసేటప్పుడు టీహెచ్‌సీతో పాటే చిక్కబడుతుంది.

డెల్టా-8 అని పెట్రోల్ బంకుల పక్కన స్మోక్ షాపుల్లో అమ్మేదాని గురించి కూడా అడుగుతున్నారు. అది టీహెచ్‌సీకి దగ్గరి చుట్టం, ఆకులో నామమాత్రంగా ఉంటుంది. బజారులో ఉన్నదంతా సీబీడీని, అంటే అదే మొక్కలో ఉండే మత్తివ్వని పదార్థాన్ని, ఆమ్లంతో మరిగించి మార్చినది. ఆ మార్పులో పేరులేని ఉప పదార్థాలు బోలెడు పుడతాయి, మిగిలిన ఆమ్లాన్ని సరిగ్గా కడిగారో లేదో కడిగినవాడికే తెలియాలి. టీహెచ్‌సీ-ఓ అని రాసి ఉంటే అసలు ముట్టుకోవద్దు. విటమిన్ ఈ ఎసిటేట్‌కి ఉన్న ఎసిటేట్ తోకే దానికీ ఉంది, వేడికి కీటీన్ ఇస్తుందని 2022లో చూపించారు.

దుకాణం సరుకైతే చీటీ చదవండి, కానీ చీటీని పూర్తిగా నమ్మకండి

గంజాయి అమ్మకానికి లైసెన్సు ఇచ్చే అమెరికా రాష్ట్రాల్లో ప్రతి కార్ట్‌కీ ల్యాబు పత్రం ఉంటుంది. డబ్బా మీది క్యూఆర్ కోడ్ కొడితే అది ల్యాబు సైటుకి వెళ్లాలి. అమ్మేవాడి సైటులో పెట్టిన బొమ్మకి వెళ్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పత్రం మీది బ్యాచ్ నంబరు, డబ్బా మీది నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయి ఉండాలి. చాలామంది టీహెచ్‌సీ 85 శాతం అన్న అంకె చూసి పత్రం మూసేస్తారు, చూడాల్సింది ఆ తర్వాతి పేజీలు. పురుగుమందులు, మిగిలిన ద్రావకాలు (బ్యూటేన్, హెక్సేన్), బరువు లోహాలు, బూజు. కాలిఫోర్నియాలో పీల్చే సరుకుకి గ్రాముకి సీసం 0.5 మైక్రోగ్రాములు, కాడ్మియం 0.2 దాటకూడదు, నాలుగు రకాల ఆస్పర్‌జిల్లస్ బూజు అసలు ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లకీ, కీమో తీసుకునేవాళ్లకీ, మార్పిడి చేసిన కిడ్నీ ఉన్నవాళ్లకీ ఆ బూజు ఒక్కటే చాలు మంచం ఎక్కించడానికి.

అన్నీ పాస్ అయ్యాయనుకుందాం. ఆ పరీక్ష చేసింది చల్లటి నూనెకి. మీరు పీల్చేది వేడెక్కిన ఆవిరిని. పచ్చి నూనె బాగుందని సర్టిఫికెట్ ఇచ్చారు, మాడిన పోపుకి ఎవరూ ఇవ్వలేదు. ఈవాలి వచ్చి టీహెచ్‌సీ ఎక్కడ కొన్నారో చెప్పినవాళ్లలో 78 శాతం మంది స్నేహితులు, ఆన్‌లైన్, వీధి అన్నారు, 16 శాతం మంది మాత్రం దుకాణాల్లోనే కొన్నాం అన్నారు. దుకాణం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు.

మానమని చెప్పడమే నా సలహా. మానని వాళ్లతోనూ మాట్లాడాలి కాబట్టి రెండు ముక్కలు. నూనె అయిపోయి కాలిన వాసన వస్తున్న కార్ట్‌ని ఇంకో దమ్ము కోసం లాగకండి, కాయిల్ పొడిగా ఉన్నప్పుడే వేడి హద్దు దాటుతుంది. బ్యాటరీ వోల్టేజి పెంచకండి. లోపలికి లాగి ఊపిరి బిగబట్టడం వల్ల మత్తు పెరగదు, టీహెచ్‌సీ కొద్ది సెకన్లలోనే రక్తంలో కలిసిపోతుంది. బిగబడితే గాలి తిత్తి పగిలే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. పొడుగ్గా సన్నగా ఉండే కుర్రాళ్లలో మేము ఇది ఎక్కువ చూస్తాం. ఒక పక్క ఛాతీలో కత్తితో పొడిచినట్టు ఉన్నట్టుండి నొప్పి, ఆయాసం. అదైతే ఈఆర్‌కి, అంటే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే, డాక్టరు సరే అనేదాకా విమానం ఎక్కకూడదు. డిసెంబరు టికెట్టు బుక్ అయి ఉన్నా సరే.

ఇండియాలో ఉన్నవాళ్లకి చీటీ అన్న ప్రశ్నే లేదు. ఈ-సిగరెట్లని 2019లోనే నిషేధించారు. గంజాయి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం, హాష్ ఆయిల్‌ని ఆ చట్టం చరస్‌తో సమానంగా చూస్తుంది. హైదరాబాద్‌లో చిన్న సీసాల్లో దొరికే ఆ నల్లటి నూనె ఎక్కువగా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఏజెన్సీ ఆకు నుంచి తీసినది. ఏ ద్రావకంతో తీశారో, ఎంత మిగిలిందో చూసే ల్యాబు అక్కడ ఎవరు పెడతారు?

అడగడం ఎలా

ఇది తల్లిదండ్రులకీ, రూమ్మేట్లకీ. "నువ్వు డ్రగ్స్ తీసుకుంటున్నావా?" అని అడిగితే జవాబు లేదనే వస్తుంది. "స్మోక్ చేస్తావా?" అంటే మా వాడు చెప్పినట్టు నిజాయితీగానే "నో". నేను అడిగే తీరు ఇది: "గత మూడు నెలల్లో ఏదైనా పీల్చావా? పెన్ను, కార్ట్, డిస్పోజబుల్, డాబ్, ఎవరిదైనా ఒక్కసారైనా?" మూడు నెలలు ఎందుకంటే ఈవాలి నిర్ధారణకి డాక్టర్లు చూసే గడువు 90 రోజులు. గొంతు పెంచకండి. తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది. మా అక్కకి ఫోన్ చేసినప్పుడు నేను చెప్పిన మొదటి మాట కూడా ఇదే: "అక్కా, నువ్వు వారం దాకా వాణ్ని ఏమీ అనకు."

జాడలు ఇలా ఉంటాయి. దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం. వాటితో పాటు, కొన్నిసార్లు వాటికి ముందే, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. ఈవాలి రోగుల్లో నలుగురిలో ముగ్గురికి పైగా పొట్ట బాధ ఉంది. అందుకే "బయట తిండి పడలేదు" అనుకుని ఓఆర్ఎస్ తాగి పడుకుంటారు. ఏళ్ల తరబడి వాడేవాళ్లకి గంజాయి వాంతులు అని వేరే జబ్బు ఉంది, వేడి నీళ్ల స్నానం చేస్తే కాసేపు హాయిగా ఉంటుంది. దానిలో ఆయాసం ఉండదు. ఆయాసం ఉంటే లెక్క వేరు.

కోవిడ్ నాటి పల్స్ ఆక్సిమీటరు ఏ సొరుగులోనో ఉంటుంది, తీయండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి, చెయ్యి వెచ్చబరుచుకుని పెట్టండి. 95 కంటే తక్కువ చూపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. 92 కంటే తక్కువైనా, పెదాలు నీలంగా ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, మాట పూర్తి చెయ్యలేకపోతున్నా 911, మన దగ్గరైతే 108. ఇంకో సంగతి మన రంగువాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి. ఈ యంత్రం నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, యంత్రం బాగానే ఉందని చూపించినా నిజంగా ఆక్సిజన్ పడిపోయి ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో తెల్లవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు. కాబట్టి మన చామనచాయ వేలి మీద 96 వచ్చినా మనిషి ఎగశ్వాస తీస్తుంటే, మనిషిని నమ్మండి. యంత్రాన్ని కాదు.

ఈఆర్‌లో చెప్పాల్సిన వాక్యం

మా వాడికి నేను రాసిచ్చి చదివించాను: "నేను మూడు వారాలుగా టీహెచ్‌సీ కార్ట్ వేప్ చేశాను, చివరిసారి నాలుగు రోజుల క్రితం, స్నేహితుడి దగ్గర కొన్నది, యాంటీబయాటిక్ పనిచెయ్యలేదు." ఇందులో ఏం పీల్చాడో ఉంది, ఎన్నాళ్లో ఉంది, ఎప్పుడు ఆపాడో ఉంది, ఎక్కడిదో ఉంది. ట్రయాజ్ నర్సుకి, అంటే రాగానే ముందు చూసే నర్సుకి, మొదటి నిమిషంలో చెప్పాలి. ఈవాలికి రక్త పరీక్ష అంటూ లేదు. ఫ్లూ, కోవిడ్, న్యుమోనియా కాదని తేల్చి, సీటీలో రెండు వైపులా మంచుగాజు లాంటి మరకలు చూసి, ఈ వాక్యం విని డాక్టరు ఆ మాట అంటాడు. వాక్యం లేకపోతే ఆ మరకలు ఇంకో న్యుమోనియా అయిపోతాయి.

మన పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం నాకు తెలుసు. వీసా. భయం ఊరికే రాలేదు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీదే. పైగా టెక్సస్‌లో ఆకు కొంచెం దొరికితే చిన్న కేసు, కార్ట్ గ్రాము కంటే తక్కువ దొరికినా ఫెలొనీ, అంటే పెద్ద నేరం. కానీ మీ డాక్టరుకి చెప్పిన మాట మీ వైద్య రికార్డులో ఉంటుంది, దానికి గోప్యతా చట్టం కాపలా ఉంది. ప్రాణం నిలబెట్టే మనుషులు పోలీసులకి ఫోన్ చెయ్యడానికి కూర్చోరు. ఇమిగ్రేషన్ ఫారంలో ఏ ప్రశ్నకి ఏం రాయాలో లాయర్ని అడగండి, దానికి టైముంది. ఆయాసానికి లేదు. కార్ట్ జేబులో పెట్టుకుని తిరగకండి. డబ్బా, బ్యాచ్ నంబరు ఫోటో తీసి డాక్టరుకి చూపించండి. ఏం చెయ్యాలో తోచకపోతే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు అడగరు.

మా వాడు చెప్పిన అరగంటలో సీటీ తీశారు, ఆ సాయంత్రమే స్టెరాయిడ్ మొదలైంది. ముక్కులో గాలి గొట్టంతో సరిపోయింది, గొంతులోకి వెళ్లాల్సిన పని పడలేదు. ఆరో రోజు ఇంటికి పంపారు. ఇక్కడే చాలామంది ఏమరుపాటు పడతారు. 2019లో ఇంటికి వెళ్లాక తిరిగొచ్చినవాళ్లూ, ఇంటికి వెళ్లాక పోయినవాళ్లూ ఉన్నారు, అందుకే డిశ్చార్జ్ అయిన 48 గంటల్లోగా డాక్టర్ని మళ్లీ కలవాలని సీడీసీ చెప్పింది. ఆ అపాయింట్‌మెంటు ఆస్పత్రి గడప దాటకముందే తీసుకోండి. స్టెరాయిడ్ గోళీలు బాగుందని మధ్యలో ఆపకూడదు, రాసిచ్చిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. షుగర్ పెరుగుతుంది, నిద్ర పట్టదు, కోపం వస్తుంది. ఆ నిద్ర పట్టకపోవడానికే మళ్లీ పెన్ను గుర్తొస్తుంది. అలవాటు మానేటప్పుడు మొదటి రెండు వారాలు చిరాకు, చెమటలు, ఆకలి లేకపోవడం మామూలే, పోతాయి. దానికని ఆమోదం పొందిన మందు ఇంకా లేదు, మాటసాయం ఉంది. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరు ఉంటుంది, లేదంటే అమెరికా ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1-800-662-4357, ఉచితం, గోప్యం.

నెల తర్వాత ఊపిరి పరీక్ష చేయించుకోమనండి, ఊదే పరీక్ష ఒక్కటే చాలదు. గాలిలోంచి రక్తంలోకి వాయువు ఎంత సులువుగా దాటుతోందో చూసే డీఎల్‌సీఓ కూడా అడగండి. గాయం మిగిలితే కనపడేది అందులోనే. మా వాడికి మొదటిసారి తక్కువొచ్చింది. మూడు నెలలకి పెరిగింది, ఇంకా పూర్తిగా రాలేదు. మెట్లెక్కుతూ ఫోన్ చేస్తాడు అప్పుడప్పుడు, మూడో అంతస్తు దగ్గర "పదమూడు ఏడ్లు తొంభై ఒకటి పిన్నీ" అంటాడు.